ముందు వడ్డించిన పళ్లెం

ఆ వృద్ధాశ్రమంలో చేరిన రోజు నాకు చెప్పిన మొదటి పని మంచం మీద పడుకోవడం.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి, పట్టాల వెంట కాసేపు నడిచి, పత్తి చేన్లు దాటితే ఆ ఆశ్రమం వచ్చేది. ఇప్పుడు ఆ ఊరిది జనగామ జిల్లా అంటున్నారు. అప్పటికి మాదంతా వరంగల్ జిల్లానే. మా తండా కేసముద్రం దగ్గర. ఏఎన్ఎం శిక్షణ పూర్తిచేసి, సర్కారు కొలువు రాక, రెండేళ్లు అమ్మతో కలిసి పత్తి ఏరడానికి పోయాను. తర్వాత ఎవరో చెబితే ఈ పనికి వచ్చాను. ముసలివాళ్లకు మందులివ్వడం, స్నానం చేయించడం నాకేం కష్టం, అదంతా చదువుకున్నదేగా అనుకున్నాను.

ఆశ్రమం చూసుకునే ఆమె పెద్ద దవాఖానలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. అందరం పెద్ద సిస్టర్ అనేవాళ్లం. ఆమె నన్ను ఖాళీ మంచం మీద పడుకోబెట్టి, మెడ కింద దిండు పెట్టి, చేతులు కదపొద్దని చెప్పి, పక్కన నిలబడి గబగబా జావ తాగించింది. మూడో చెంచాకే పొలమారింది. లేచి దగ్గాను. ఆమె మళ్లీ పడుకోమంది. ఈసారి స్టూలు జరుపుకుని నా కళ్లకు ఎదురుగా కూర్చుంది. చెంచా నాకు చూపించి, నేను నోరు తెరిచేదాకా ఆగి, మింగేదాకా ఆగి తాగించింది.

"ఏం తెలిసింది బిడ్డా?" అని అడిగింది.

"మొదటిపారి భయమైంది సిస్టర్."

"గదే. నువ్వు నిలవడి తినిపిస్తే వాళ్లకు నువ్వు కనవడవు. చెంచానే కనవడతది. మీద పడ్డట్టు అయితది."

ఆ రోజు నేర్చుకున్నంత నాకు రెండేళ్ల చదువులో రాలేదు.

అక్కడ ఇంకో పద్ధతి ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక గంట ఎవరికీ ఏ పనీ చెప్పేది కాదు పెద్ద సిస్టర్. ఆయాలు, నేను, వంటామె, అందరం తలా ఒక ముసలిమనిషి దగ్గర ఊరికే కూర్చోవాలి. చేతిలో మందుల డబ్బా ఉండకూడదు, మడతపెట్టే బట్టలు ఉండకూడదు. దాన్ని ముచ్చట్ల గంట అనేవాళ్లం. ఒక్కొక్కరికి ఒక్కో నోటుబుక్కు కూడా ఉండేది. అందులో రోగాలు రాయం. వాళ్లను ఏమని పిలిస్తే ఇష్టమో, ఏ పని చేసి బతికారో, దేనికి కోపమొస్తుందో, నిద్రకు ముందు దీపం ఉండాలో వద్దో, ఇవన్నీ రాయాలి. మొదట్లో నాకిదంతా పనిలేని పనిలా ఉండేది. మంచాల మీద దుప్పట్లు మార్చాల్సినవి అట్లే ఉంటే కూర్చుని ముచ్చట్లేంది అనుకునేదాన్ని.

నేను చేరిన మరుసటేడు ఒక అవ్వ వచ్చింది. ములుగు దిక్కు ఘనపూర్ ఆమెది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసం. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. అక్క కొడుకు భూపాలపల్లిలో బొగ్గు గనుల్లో పనిచేస్తాడు. ఆరు నెలలు వాళ్లింట్లోనే ఉంచుకుని, ఆలుమగలిద్దరూ పనికి పోతే పగలంతా ఒక్కతే మంచంలో ఉంటోందని, పడితే లేపేవాళ్లు లేరని, ఏడ్చుకుంటూనే తెచ్చి దిగబెట్టాడు. నెల తప్పకుండా వచ్చి చూసిపోయేవాడు.

"ఒక ఘనపూర్‌ల పుట్టిన, ఇంకో ఘనపూర్‌ల వచ్చి పడ్డ" అంది అవ్వ మొదటి రోజు. నవ్వించే మనిషే అనుకున్నాం. నోటుబుక్కు నేనే రాశాను. అవ్వ అని పిలిస్తే చాలంది. పని అడిగితే, "పెండ్లిళ్లకు వంటలు చేసిన. నలభై ఏండ్లు. ఆ దిక్కు నా చేతి బువ్వ తినని మనిషి లేడు" అంది. అదీ రాశాను. రాసి పుస్తకం మూసేశాను.

వారం తిరగకముందే అవ్వ తినడం తగ్గించింది. పళ్లెం పెడితే నాలుగు మెతుకులు కదిపి పక్కకు నెట్టేది. కూర బాగాలేదా అంటే బాగుందనేది. కడుపులో నొప్పా అంటే లేదనేది. "ఆకలైతలేదు బిడ్డా, ఏం చేయను?" అనేది. డాక్టరు వచ్చి చూశాడు, రక్తపరీక్షలు చేయించాడు, ఏ రోగమూ లేదన్నాడు. మనాది పెట్టుకుందేమో, కొన్నాళ్లకు అదే సర్దుకుంటుందన్నాడు. సర్దుకోలేదు. జాకెట్టు భుజాల మీద వదులైంది. మణికట్టు పట్టుకుంటే నా వేళ్లు చుట్టూ తిరిగి కలుసుకునేవి. వంటామె చిన్నబుచ్చుకుంది. పచ్చిపులుసు చేసి చూసింది, మక్కజొన్న రవ్వతో గటక చేసి చూసింది, చేపలు తెప్పించింది. నేను మా తండాలో చేసినట్టు జొన్నపిండి కొట్టి బాటీలు, అదే రొట్టెలు, కాల్చి పెట్టాను. అవ్వ మా మాట కోసం ఒక ముక్క తుంచుకుని, "మంచిగున్నది" అని నీళ్లు తాగేది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒకరోజు విసుగొచ్చి, "తినకపోతే డాక్టరు ముక్కుల నుంచి పైపు ఏస్తనన్నడు అవ్వా" అని అబద్ధమాడాను. అవ్వ గబగబా నాలుగు ముద్దలు తిన్నది. తింటుంటే కళ్ల నుంచి నీళ్లు కారి పళ్లెంలో పడ్డాయి. తిన్నదంతా కాసేపటికి కక్కేసింది. పెద్ద సిస్టర్‌కు నేనే పోయి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"భయపెట్టి తినిపిస్తే అది బువ్వ కాదు బిడ్డా. పో, పైపు మాట అబద్ధమని చెప్పు. చెప్పి, ఆమె పక్కన కూసో. తినుమని మాత్రం అనకు."

పోయి చెప్పాను. అవ్వ నా తల నిమిరి, "గట్లనా, సరే తియ్" అంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

మా ఆశ్రమంలో ఒక తాత ఉండేవాడు. రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. పుట్టింది గుంటూరు దిక్కు. ముప్పై ఏళ్లు కాజీపేటలోనే ఉన్నాడు. భార్య కూడా అక్కడే పోయింది. ఆయన మాట్లాడితే ఏవండీ, అమ్మాయ్, కాస్త అని వినిపించేది. ముందు అది ఎవరికీ పట్టింపు లేదు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక సాయంత్రం టీవీ ముందు అందరూ చేరి "జై తెలంగాణ" అంటుంటే, ఆయన మెల్లగా లేచి వరండాలోకి పోయేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనకే ముడుచుకుపోయినట్టు అయింది. సమ్మె మొదలయ్యే నాటికి మాట్లాడటమే బాగా తగ్గించాడు.

తెలంగాణ కోసం అందరూ కలిసి చేసిన ఆ సమ్మె మామూలుది కాదు. బడులు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు డిపోలు దాటలేదు. రైళ్లు కూడా కొన్నాళ్లు ఆగాయి. బొగ్గు గనులు ఆగాయి. అవ్వ అక్క కొడుకు రాలేకపోయాడు. నేను కేసముద్రం పోలేక ఆశ్రమంలోనే ఉండిపోయాను. అంతకుముందు వారానికోసారి ఇంటికి పోయొచ్చేదాన్ని. ఆ రోజుల్లో మాత్రం తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా ముసలివాళ్లతోనే. ఎవరు ఎట్ల నవ్వుతారో, ఎవరికి ఎక్కడ నొప్పో, అడక్కుండానే తెలియడం మొదలైంది.

ఊళ్లో ప్రతిరోజూ ఏదో ఒక కార్యక్రమం. ఒకరోజు రోడ్డు మీద ఆటలు, ఒకరోజు బతుకమ్మ. ఒకరోజు వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం. పొద్దున్నే సమ్మెలో ఉన్న ఒక బడిపంతులు మా దగ్గరకొచ్చాడు. ఎప్పుడో ఆశ్రమం వార్షికోత్సవానికి కొన్న పెద్ద గుండిగ మా దగ్గర ఉంది. అది అడగడానికి వచ్చాడు.

అవ్వ వరండాలో కుర్చీలో ఉంది. తినకపోయి పోయి, మాట్లాడే ఓపిక కూడా తగ్గి, ఊరికే రోడ్డు దిక్కు చూస్తూ ఉండేది. గుండిగ దొర్లించుకుంటూ వస్తున్న పంతులును చూసి, "ఎవలు వండుతున్రు సారూ?" అని అడిగింది.

"మేమే అవ్వా. మాస్టర్లందరం కలిసి వండుతున్నం."

"ఎంతమందికి?"

"రెండు మూడు వందల మంది కావచ్చు."

"ఏం వండుతరు?"

"బగారన్నం, పప్పుచారు."

"ఎసరు ఎంత పెడుతరు?"

పంతులు గుండిగ దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు. "నిండ పోస్తం గదా అవ్వా" అన్నాడు.

అవ్వ నవ్వింది. నాలుగు నెలల్లో నేను చూసిన మొదటి నవ్వు అది. "నిండ పోస్తే జావ అయితది సారూ. మీ బువ్వ తిని మంది పోలీసోళ్ల దిక్కు పోతరు" అని, వాకర్ దగ్గరకు లాక్కుంది. "బిడ్డా, నన్ను తోల్కపో."

నేను పెద్ద సిస్టర్ దగ్గరకు పరుగెత్తాను. అవ్వ తుంటి సంగతి మాకు తెలుసు. ఎండ ఉంది, మంట ఉంటుంది, జనం ఉంటారు. ఆశ్రమం నడిపే ట్రస్టు వాళ్ల నియమం ఒకటి గోడ మీదే రాసి ఉంది, పెద్దవాళ్లు వంటింట్లోకి రాకూడదని. ఎక్కడో ఎవరో జారిపడ్డాక పెట్టిన నియమం. పెద్ద సిస్టర్ ఆ రాతను కాసేపు చూసింది.

"వంటింట్లకనే గదా రాసిన్రు. రోడ్డు గురించి రాయలే" అంది. "ట్రాలీ ఆటో పిలువు. చేతుల కుర్చీ ఏపించు. నువ్వు పక్కనే ఉండు. పొయ్యికి నాలుగు మూరల దూరం. ఆమె లేస్తనంటే నువ్వు లేవనియ్యొద్దు."

ఆటోలో కుర్చీ వేసి అవ్వను కూర్చోబెడుతుంటే, రైల్వే తాత గొడుగు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఎండ చాలా ఉందమ్మాయ్. ఆవిడకి నీడ పట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాడు. ఆయన గేటు దాటి చాలా రోజులైంది. అవ్వ ఆయన్ను కిందికీ మీదికీ చూసి, "ఖాళీగ నిలవడితే పని కాదు. బియ్యంల రాళ్లు ఏరొస్తదా?" అంది. తాత వస్తుందన్నాడు.

చౌరస్తాలో మూడు పొయ్యిలు పెట్టారు. చేతుల కుర్చీలో అవ్వ, పక్కన గొడుగు కట్టిన బల్ల, బల్ల మీద చేటలో బియ్యం పోసుకుని కళ్లజోడు సవరించుకుంటూ తాత, వెనక నేను. అవ్వ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. గదిలో గుసగుసగా మాట్లాడే మనిషి, రోడ్డు అవతలకు వినపడేట్టు కేకేసింది.

"ఉల్లిగడ్డ గంత సన్నగ కోస్తె మాడుతది, జర దొడ్డుగ కొయ్యుండ్రి! నూనె కాగలే, ఆగుండ్రి! ఓ సారూ, గా కట్టెలు గుంజు, మంట మీదికొస్తున్నది!"

ఎంఏలు చదివిన మాస్టర్లు చెప్పింది చెప్పినట్టు చేశారు. ఎసరు మరిగాక ఒక గంటెడు తెమ్మని, వాసన చూసి, ఇంకో దోసెడు ఉప్పు వేయించింది. బియ్యం ఉడుకుతుంటే నాలుగు మెతుకులు తన అరచేతిలో వేయమని, వేలితో నలిపి చూసి, "పలుకున్నది, ఇంక జర సేపు" అనేది.

గాలి తిరిగి పొగ అవ్వ మొహం మీదికి వచ్చింది. తాత బల్లకు కట్టిన గొడుగు విప్పి ఎత్తిపట్టుకుని, పొయ్యి దగ్గరున్నవాళ్లతో, "ఏవండీ, కాస్త ఆ కట్టె పక్కకి జరపండి. ఆవిడకి పొగ తగులుతోంది" అన్నాడు.

అక్కడ కూర్చున్న పదిమంది తలలు ఒకేసారి తిరిగాయి. తాత మొహం పాలిపోయింది. ఒకతను లేచి దగ్గరకొచ్చి, "ఏ దిక్కు మీది తాతా?" అని అడిగాడు. కోపంగా ఏమీ కాదు. కానీ అందరూ జవాబు కోసం చూస్తున్నారు.

"గుంటూరు దగ్గర బాబూ. ముప్పై ఏళ్లుగా కాజీపేటలోనే" అన్నాడు తాత మెల్లగా.

అవ్వ మెతుకు నలుపుతున్నదల్లా ఆగింది. "ఏందిరా, ఏం చూస్తున్రు? నా ఎంబడి వచ్చిండు. పొద్దటి సంది బియ్యం ఆయనే ఏరిండు. నీ పంటి కింద ఒక్క రాయి వడితే అప్పుడు అడుగు ఏ దిక్కని" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. అడిగినతను కూడా నవ్వి, తాత చేతిలోని గొడుగు తీసుకుని, "నువ్వు కూసో తాతా, నేను పడత" అన్నాడు. తాత కూర్చున్నాడు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

అన్నం దించాక అందరూ రోడ్డు మీద వరసలుగా కూర్చున్నారు. ఇస్తారాకులు వేశారు. నేను మొదటి ఆకులో వేడివేడి అన్నం పెట్టించి అవ్వ ముందుకు తెచ్చాను. పొద్దటి నుంచి ఎండలో ఉంది, ఏమన్నా తింటే బాగుండునని నా ఆరాటం. అవ్వ చేత్తోనే వద్దంది. "మంది తిననీ" అంది. నేను మళ్లీ మొదటికే వచ్చింది అనుకుని ఆకు పక్కన పెట్టాను.

మూడు బంతులు లేచాయి. అవ్వ కుర్చీలోంచే ఎవరి ఆకులో చారు అయిపోయిందో చూసి కేకేస్తూ ఉంది. కడపటి బంతి కూడా లేచి చేతులు కడుక్కుంటుంటే, కుర్చీలో వెనక్కి ఒరిగి, కొంగుతో మొహం తుడుచుకుని, "బిడ్డా, ఆకలైతున్నది. ఇంత పెట్టు" అంది.

గుండిగ అడుగున మిగిలింది కొంచెమే. నేను, తాత, ఇద్దరు మాస్టర్లు, అవ్వ, అంతకే సరిపోయింది. అవ్వ ఆకు ఒళ్లో పెట్టుకుని తిన్నది. చారు పోసుకుని, కలుపుకుని, పెద్ద పెద్ద ముద్దలు. ఆకు ఖాళీ చేసి మళ్లీ చేయి చాపింది. నేను నా ఆకులోది కొంత వేశాను. ఏమన్నా అంటే ఆగిపోతుందేమోనని నోరెత్తలేదు. తినడమయ్యాక మాత్రం ఉండబట్టలేక అడిగాను.

"అవ్వా, గిన్ని రోజులు ఎందుకు తినలే?"

అవ్వ ఖాళీ ఆకు మడిచింది. చెప్పకుండా దాచింది కాదు, ఆమెకు కూడా అప్పుడే తెలిసినట్టుంది.

"నలభై ఏండ్లల్ల నేనెన్నడు మంది తినకముందు తినలే బిడ్డా. అత్తింట్ల కూరాడు కుండ కడిగి పొయ్యి ముట్టిచ్చినప్పటి సంది గదే అలవాటు. అందరు తిని చేతులు కడిగితేనే నాకు కడుపుల ఆకలి లేస్తది. మీరేమొ పొద్దు నడినెత్తికి రాకముందే పళ్లెం తెచ్చి నా ముంగట పెడ్తిరి. పక్క మంచమామెకు ఇంక పెట్టకనేపాయె. ముద్ద ఎట్ల దిగుతది?"

చేరినప్పుడే అందరికంటే నీరసంగా ఉందని, అందరికంటే ముందు అవ్వకే వడ్డించాలని రూలు పెట్టింది నేనే. అదీ ప్రేమతోనే పెట్టాను.

తిరిగొచ్చి పెద్ద సిస్టర్‌కు చెప్పాను. ఆమె అవ్వ నోటుబుక్కు తెప్పించి, నేను రాసిన వాక్యం మీద వేలు పెట్టి చదివింది. పెండ్లిళ్లకు వంటలు, నలభై ఏళ్లు. "రాసుకున్నం. అడగలేదు" అంది. తప్పు నాదే సిస్టర్ అంటే, "ఇద్దరిది" అని నవ్వింది. తర్వాత లేచి పోయి వంటామెతో చాలాసేపు మాట్లాడింది.

మరునాటి నుంచి అవ్వ కుర్చీ భోజనాల హాల్లో గిన్నెల బల్ల దగ్గర వేశాం. పప్పు గంటె ఆమె చేతిలో. కూర్చున్న చోటి నుంచే వడ్డించేది. కొన్నాళ్లకు కూరలు తరగడానికి వంటింట్లోకీ తీసుకెళ్లడం మొదలుపెట్టాం. నడవలేనివాళ్లకు తాత పళ్లేలు మోసేవాడు. "కాస్త జరగండి, కాస్త జరగండి" అంటూ ఆయన వస్తుంటే అందరూ ఆయన్ను అట్లే అనుకరించేవాళ్లు, ఆయన కూడా నవ్వేవాడు. అందరూ తిన్నాక నేను, తాత, అవ్వ, వంటామె కలిసి కూర్చునేవాళ్లం. రెండు నెలల్లో అవ్వ జాకెట్లు బిగుతయ్యాయి. అక్క కొడుకు వచ్చి చూసి, ఇది మా చిన్నమ్మేనా అని గేటు దగ్గరే నిలబడిపోయాడు.

సమ్మె అయిపోయాక ట్రస్టు కార్యదర్శి తనిఖీకి వచ్చాడు. పెద్ద సిస్టర్ జరిగిందంతా ముందే ఉత్తరం రాసింది. నియమం తప్పామని, తప్పినందువల్ల ఏం జరిగిందో కూడా రాసింది. ఆయన గోడ మీది రాత చూశాడు. వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అవ్వను చూశాడు. అవ్వ వడ్డిస్తే తిన్నాడు. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. పదిరోజులకు వంటింటి గోడ వెంట పట్టుకుని నడవడానికి ఇనుప కడ్డీ బిగించడానికి మనుషులు వచ్చారు. నేల మీద జారని బండలు వేశారు. గోడ మీది రాతకు సున్నం కొట్టారు.

ఆ తర్వాత ఎవరు కొత్తగా చేరినా మా ముచ్చట్ల గంటలో అడిగే ప్రశ్నలు మారాయి. పని ఏం చేసేవారని అడిగి ఊరుకునేవాళ్లం కాదు. ఆ పని చేసే రోజు పొద్దున లేచింది మొదలు ఎట్లా గడిచేదో చెప్పమనేవాళ్లం. ఒక పోస్ట్‌మ్యాన్ తాత పొద్దున పది దాటితే గదిలో నిలవలేడని అట్లనే తెలిసింది. ఆయనకు రోజూ దినపత్రిక గదిగదికీ పంచే పని ఇచ్చాం. ఆయన నిద్రమాత్ర మానేశాడు.

తెలంగాణ వచ్చిందని టీవీలో చెప్పిన సాయంత్రం హాలంతా కేకలు. తాత ఈసారి వరండాలోకి పోలేదు. అవ్వ పక్కన కూర్చుని, "అయితే నేనిప్పుడు వేరే రాష్ట్రం వాణ్ణా?" అన్నాడు. అవ్వ, "నీకు బియ్యం ఏరే పని ఉన్నంత కాలం ఇదే నీ రాష్ట్రం" అని, పరమాన్నానికి పాలు కాగబెట్టమని వంటామెకు కేకేసింది.

మరికొంత కాలానికి నాకు మహబూబాబాద్ దిక్కు ఒక ఆరోగ్య సబ్ సెంటర్‌లో కొలువు వచ్చింది. దరఖాస్తు రాసిపెట్టింది తాతే, ముత్యాల్లాంటి అక్షరాలతో. పెద్ద సిస్టర్ నా సంచిలో ఒక కొత్త నోటుబుక్కు పెట్టింది. అందరి మంచాల దగ్గరకూ పోయి చెప్పొచ్చాను. వంటింటి దగ్గరకు పోయేసరికి అవ్వ గుమ్మంలో కుర్చీ వేసుకుని, కొత్తగా చేరిన ఆయాకు పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో చెబుతోంది. నేను కాళ్లకు మొక్కితే తలమీద చేయి పెట్టింది. పిండి అంటిన చేయి.

"పోయిరా బిడ్డా. రైలు యాళ్లయితున్నది. నేను లేస్తే ఈ పప్పు మాడగొడ్తది" అంది.

నేను స్టేషన్ దిక్కు నడుస్తుంటే వెనక నుంచి ఆమె గొంతు వినపడుతూనే ఉంది, ఆ కొత్త పిల్లను ఒక కట్టె గుంజి మంట తగ్గించమంటూ.